తీగలో పోయే తపాలుకు ఒక రిజిస్టరు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది సర్కారు దయతలచి ఇచ్చే బహుమానం కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసినదని తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాము. కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి చక్కగా చెప్పగలవారు నాకు ముందూ వెనుకా ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం ఒక వింత విషయం మీద మాట్లాడమన్నారు. మన సంఘం ఆఫీసులోని సర్వరు గుండా రోజుకు ఎంత ఇంటర్నెట్ ఖర్చవుతున్నదో కొలవడం ఎలా, అసలెందుకు కొలవాలి అన్నది ఆ విషయం.

నేను ఇంజనీరును కాను. 1974లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. సర్వీసంతా కాగితాలతో, సిరాతో, గుండుసూదులతో గడిచింది. అయినా ఇది గుమాస్తా పనేనని ఈ ఏడాది నాకు తెలిసివచ్చింది. దానితోపాటు నేను చేసిన తప్పొకటి ఈ సభలో ఒప్పుకోవలసి ఉన్నది. మాట్లాడటానికి ఒప్పుకున్నది ముఖ్యంగా అందుకే.

ముందుగా సర్వరంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక మాట. మన ఆఫీసులో వెనుక గదిలో, బీరువా పక్కన, రాత్రింబవళ్ళు గుర్రుమంటూ ఉండే నల్లపెట్టె ఉన్నదే, అదే సర్వరు. పాత కంప్యూటరులోనే లినక్స్ వేయించి అలా చేయించుకున్నాము. మన సభ్యుల సర్వీసు రిజిస్టర్ల నకళ్ళు, పి.పి.ఓ.లు, మెడికల్ బిల్లులు అన్నీ స్కాను చేసి అందులో దాచాము. అది రికార్డు రూము. అంతేకాదు, బయటినుంచి వచ్చే ఇంటర్నెట్ తీగ మొదట ఆ పెట్టెలోకే వెళుతుంది. అక్కడి నుంచి మరో తీగ మీదుగా మిగిలిన మూడు కంప్యూటర్లకు పంపకమవుతుంది. అంటే ఆ పెట్టెకు రెండు ద్వారాలున్నాయి. ఒకటి వీధి గుమ్మం, రెండోది ఇంటి లోపలి గుమ్మం. ఈ రెండు గుమ్మాల సంగతి గుర్తుంచుకోండి. కథంతా అక్కడే ఉన్నది.

ఇంటర్నెట్‌కు మనం తీసుకున్నది నెలకు 500 జి.బి. ప్లాను. రాకా పోకా రెండూ కలిపే లెక్క. అది అయిపోతే కనెక్షను ఆగదు గాని వేగం బాగా తగ్గిపోయి, 2 మెగాబిట్ల దగ్గర నిలుస్తుంది. ఏళ్ళ తరబడి ఎన్నడూ ఆ హద్దు దాటలేదు. 2025 జనవరిలో 17వ తేదీకే అయిపోయింది. ఏదో పొరపాటనుకున్నాము. ఫిబ్రవరిలో 8వ తేదీకే అయిపోయింది.

ఫిబ్రవరి అంటే మనం లైఫ్ సర్టిఫికెట్ల శిబిరం పెట్టుకున్న నెల. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో మొదలైనప్పటి నుంచి మనలో చాలామందికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది. వేలిముద్రలు అరిగిపోయినవారికి 2021 నుంచి ముఖం చూపించే పద్ధతి కూడా వచ్చింది. కాని తీగ పనిచేయకపోతే వేలూ లేదు, ముఖమూ లేదు. ఎనభై దాటిన ఒక ఫ్యామిలీ పెన్షనరు అమ్మగారు పల్లె నుంచి బస్సులో మూడుసార్లు వచ్చారు. మూడోసారి మధ్యాహ్నం రెండింటి దాకా కుర్చీలో కూర్చుని, "నాయనా, నేను బతికే ఉన్నానని మీ పెట్టె ఒప్పుకోవడం లేదా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు గాని నాకు తల కొట్టేసినట్టయింది. చివరకు ఒక సభ్యుని ఫోనులోని ఇంటర్నెట్‌తో ఆవిడ పని పూర్తి చేశాము.

ఫిబ్రవరి 23న కార్యవర్గం సమావేశమైంది. తప్పెవరిది? అందరి చూపూ మన కంప్యూటరు ఆపరేటరు కుర్రవాడి మీద పడింది. డిగ్రీ చదివినవాడు, నెలకు మనమిచ్చే కొద్దిపాటి గౌరవ వేతనానికి పనిచేస్తున్నాడు. చెవిలో ఎప్పుడూ ఆ తీగలు పెట్టుకుని కనిపిస్తాడు. ఇంకేం కావాలి? "రోజంతా సినిమాలు చూడకపోతే ఎనిమిది రోజుల్లో 500 జి.బి. ఎలా కరుగుతుంది?" అని గట్టిగా అడిగిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆ పెద్దమనిషిని నేనే. కుర్రవాణ్ణి పిలిపించాము. అతడు నిలబడి, "ఖాళీగా ఉన్నప్పుడు పాటలు విన్నమాట నిజమే సార్. సినిమాలు మాత్రం చూడలేదు" అన్నాడు. మేము మొదటి వాక్యాన్ని నేరాంగీకారంగా రాసుకున్నాము. రెండో వాక్యాన్ని వదిలేశాము. నెలాఖరుకు అతణ్ణి తీసివేయాలని తీర్మానం చిత్తుప్రతి తయారైంది. ఆ ప్రతి రాసింది నా చేతులే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1979 నాటి సంగతొకటి గుర్తుకొచ్చింది.

అప్పట్లో నేను ఒక తాలూకా ఆఫీసులో డిస్పాచ్ సెక్షను చూసేవాణ్ణి. ఒక నెల సర్వీసు స్టాంపుల లెక్కలో 38 రూపాయలు తక్కువ వచ్చింది. తపాలు పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళే అటెండరు మీద అనుమానం వచ్చింది. అతని జీతంలో ఆ సొమ్ము కోసి, దూరపు ఊరికి బదిలీ చేశారు. మూడు నెలల తరువాత ఆడిట్ కోసం కాగితాలు సర్దుతుంటే, రెండు రోజుల రిజిస్టరు పోస్టు కవర్లు విడి చీటీ మీద రాసి, స్టాంపుల లెక్కలో ఎక్కించని సంగతి బయటపడింది. ఆ చీటీ నా దస్తూరీ. మరచిపోయింది నేను. అప్పటికి విషయం చల్లబడిపోయిందని ఎవరికీ చెప్పలేదు. ఆ మనిషి ఇప్పుడు లేడు. చెప్పుకుందామన్నా వినేవాడు లేడు. రిజిస్టరు ఎదుట ఉండగా దాన్ని తిరగేయకుండా మనిషి ముఖం చూసి తీర్పు చెప్పాము. నలభై ఆరేళ్ళ తరువాత మళ్ళీ అదే పని చేయబోతున్నానా అనిపించింది.

మర్నాడు అధ్యక్షులవారి ఇంటికి వెళ్ళి, "అయ్యా, తీర్మానం మార్చి 10 దాకా ఆపండి. మార్చి ఒకటో తేదీ నుంచి నేను లెక్క రాస్తాను" అన్నాను. వారు సరేనన్నారు.

రాస్తానన్నాను సరే, ఏమిటి రాయడం? హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నా మనవరాలికి ఫోను చేశాను. "తాతయ్యా, మీటరు ఇప్పటికే ఉంది. చూసేవాళ్ళే లేరు" అన్నది. ఆ మాట నా చెవిలో ఇంకా ఉన్నది. ఆమె చెప్పింది, నేను నేర్చుకున్నది మీకు మన భాషలో చెబుతాను.

సర్వరులోని ప్రతి గుమ్మం దగ్గరా లినక్స్ తనంతట తానే రెండు లెక్కలు వేస్తూ ఉంటుంది. ఎన్ని బైట్లు లోపలికి వచ్చాయి, ఎన్ని బయటికి పోయాయి. మన భాషలో ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్. ఇది కరెంటు మీటరు లాంటిది. పెరుగుతూ పోతుందే గాని ఈ రోజు ఎంత వాడారో చెప్పదు. నిన్నటి రీడింగు, ఇవాళ్టి రీడింగు రెండూ రాసుకుని తీసివేస్తేనే వాడకం తెలుస్తుంది. పైగా సర్వరు ఆపి మళ్ళీ వేస్తే ఈ మీటరు సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే ఎప్పటికప్పుడు రీడింగు తీసి భద్రపరిచే ప్రోగ్రాము ఒకటి ఉండాలి. 2002 నుంచి వాడుకలో ఉన్న విఎన్‌స్టాట్ అనే ఉచిత ప్రోగ్రాము ఆ పనే చేస్తుంది. గంటవారీ, రోజువారీ, నెలవారీ పట్టీలు వేసి పెడుతుంది.

ఇందులో మెచ్చుకోదగిన గుణం ఒకటుంది. అది కవరు విప్పదు. డిస్పాచ్ గుమాస్తా కవరును తూచి, స్టాంపు అంటించి, బరువు రాసుకుంటాడే గాని లోపలి ఉత్తరం చదవడు కదా. ఇదీ అంతే. మన సభ్యులు కొందరు "మేము చూసేవన్నీ మీకు తెలిసిపోతాయా?" అని అడిగారు. తెలియవు. బరువు మాత్రమే తెలుస్తుంది.

మీటరుతో రెండు మూడు చిక్కులున్నాయి. కొలత మొదలుపెట్టేవారు ఇవి ముందే తెలుసుకోవాలి.

మొదటిది, బిట్టు వేరు, బైటు వేరు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కంపెనీవాళ్ళు వేగాన్ని బిట్లలో చెబుతారు, వాడకాన్ని బైట్లలో చెబుతారు. 100 మెగాబిట్ల కనెక్షనంటే సెకనుకు 100 మెగాబైట్లు కాదు, పన్నెండున్నర మాత్రమే. రూపాయలనూ అణాలనూ ఒకే వరుసలో కూడితే ఎలా ఉంటుందో, ఈ రెండింటినీ కలిపితే అలా ఉంటుంది.

రెండవది, ఒక జి.బి. అంటే వంద కోట్ల బైట్లని కొందరు, 1024 చొప్పున మూడుసార్లు గుణించి మరికొందరు లెక్కిస్తారు. మొదటి లెక్కలో 500 అయినది రెండో లెక్కలో సుమారు 466 గానే కనిపిస్తుంది. కంపెనీ బిల్లుకూ మన రిజిస్టరుకూ ఆ మేరకు తేడా వస్తే ఎవరూ దొంగ కాదు. నేను ఇక్కడ చెప్పే అంకెలన్నీ మొదటి లెక్కలోకి మార్చి చెబుతున్నాను.

మూడవది, పాత రకం పరికరాల్లో మీటరు 429 కోట్ల 49 లక్షల చిల్లర బైట్ల దాకా తిరిగి మళ్ళీ సున్నాకు వస్తుంది. 100 మెగాబిట్ల తీగ నిండుగా పారితే అది ఆరు నిమిషాలు కూడా పట్టదు. గంటకోసారి రీడింగు తీస్తే ఎన్నిసార్లు సున్నా దాటిందో తెలియదు. కొత్తవాటిలో మీటరు చాలా పెద్దది, ఆ భయం లేదు.

ఈ కొలత కొత్తగా పుట్టినదేమీ కాదు. పరికరాల మీటర్లను దూరం నుంచి అడిగి తెలుసుకునే పద్ధతి, ఎస్.ఎన్.ఎం.పి. అంటారు, 1988 నాటికే వచ్చింది. 1994లో టోబియాస్ ఓటికర్ అనే ఆయన పనిచేసే చోట బయటి ప్రపంచానికి ఒక్కటే 64 కిలోబిట్ల తీగ ఉండేదట. అందరూ దాని మీదే ఆధారపడేవారు. అది ఎంత నిండుతున్నదో అందరికీ కనిపించేలా గీత గీసి చూపే ప్రోగ్రాము ఆయన రాశాడు. అదే ఎం.ఆర్.టి.జి. అనే పేరుతో లోకమంతా పాకింది. అయిదు నిమిషాలకోసారి రీడింగు తీయడం దాని పద్ధతి. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. నేను చెప్పేదేమిటంటే, తీగ సన్నంగా ఉన్న రోజుల్లో అందరూ కొలిచారు. తీగ లావయ్యాక కొలవడం మానేశాము. బావిలో నీళ్ళు పైదాకా ఉన్నప్పుడు చేద తాడు పొడవు ఎవరు చూస్తారు?

సరే, రిజిస్టరు దగ్గరికి వస్తాను. వంద పేజీల నోటుబుక్కు తెచ్చి గళ్ళు గీశాను. తేదీ, ఉదయం 10 గంటల రీడింగు, సాయంత్రం 6 గంటల రీడింగు, వచ్చినది, పోయినది, రిమార్కులు, సంతకం. మార్చి 1న మొదలుపెట్టాను.

మొదటి రోజే పొరపాటు చేశాను. నేను రాసుకున్నది లోపలి గుమ్మం మీటరు. అది చూస్తే పగలు నాలుగైదు జి.బి.లు తప్ప రాత్రి ఏమీ లేదు. మరి కంపెనీవాళ్ళ పేజీలో చూస్తే ఒక్కరోజుకే 65 జి.బి. ఖర్చు చూపిస్తున్నది. కంపెనీ మోసం చేస్తున్నదని ఘాటుగా ఒక లేఖ కూడా చిత్తు రాశాను. రాత్రి మనవరాలికి చదివి వినిపిస్తే, "తాతయ్యా, మీరు వంటింటి గుమ్మంలో నిలబడి వీధిలో పోయేవాళ్ళను లెక్కపెడుతున్నారు" అన్నది. ఆ లేఖ చించేసి, మర్నాటి నుంచి రెండు గుమ్మాలకూ వేరువేరు గళ్ళు గీశాను.

రెండో తేదీ నుంచి నాలుగో తేదీ వరకు లెక్క ఇలా వచ్చింది. పగలు వీధి గుమ్మంలో వచ్చినది సుమారు 4 జి.బి., పోయినది 1 జి.బి. రాత్రి 10 గంటల నుంచి తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాల దాకా పోయినది 60 జి.బి. వచ్చినది లెక్కలోకి రానంత స్వల్పం. అదే సమయంలో లోపలి గుమ్మంలో సున్నా.

మిత్రులారా, ఆ పట్టీ చూసి నేను చాలాసేపు కదలలేదు. అందులో మూడు సాక్ష్యాలున్నాయి. ఆఫీసుకు తాళం పడేది సాయంత్రం ఆరింటికి, ఖర్చయ్యేది రాత్రి పది తరువాత. సినిమా చూస్తే సరుకు లోపలికి రావాలి, ఇక్కడ బయటికి పోతున్నది. లోపలి గుమ్మం సున్నా అంటే గదిలోని ఏ కంప్యూటరుకూ దీనితో సంబంధం లేదు, సర్వరే స్వయంగా పంపుతున్నది.

అప్పుడు ఇంకో లెక్క వేశాను. ఫిబ్రవరిలోనే వేయవలసిన లెక్క. మంచి నాణ్యత గల సినిమా సెకనుకు సుమారు 5 మెగాబిట్లు తీసుకుంటుందనుకుంటే గంటకు రెండుంపావు జి.బి. అవుతుంది. 500 జి.బి. కరగాలంటే 222 గంటలు చూడాలి. వారం రోజుల్లో ఉన్నవే 168 గంటలు! నిద్రాహారాలు మాని చూసినా అతనొక్కడి వల్ల కాదు. ఇక పాటలంటారా, గంటకు 60 మెగాబైట్ల లోపే. రోజూ ఎనిమిది గంటలు విన్నా అర జి.బి. కాదు. ముప్పయి అయిదేళ్ళు లెక్కలు రాసిన చేయి ఒక్క గుణకారం వేయకుండా ఒక కుర్రవాడి ఉద్యోగం మీద తీర్మానం రాసింది.

ఇంతకీ రాత్రిపూట పంపుతున్నది ఏమిటి? నాలుగో తేదీ రాత్రి కుర్రవాడూ నేనూ ఆఫీసులో కూర్చున్నాము. ఏ ప్రోగ్రాము ఎంత వాడుతున్నదో చూపే నెట్‌హాగ్స్, ఏ చిరునామాకు పోతున్నదో చూపే ఐఎఫ్‌టాప్ అనే రెండు సాధనాలు మనవరాలు ఫోనులో చెబుతుంటే అతడే ఎక్కించాడు. సరిగ్గా పదింటికి తెర మీద ఒక పేరు పైకి లేచింది. మన బ్యాకప్ ప్రోగ్రాము. రికార్డు రూములో నిప్పు పడినా నకలు మిగలాలని రోజూ రాత్రి మన స్కాన్లన్నీ మూటగట్టి బయట అద్దెకు తీసుకున్న చోటికి పంపే ఏర్పాటు అది.

ఆ చోటు మొత్తం 40 జి.బి. పాత మూట 20 జి.బి. అక్కడ ఉన్నది. కొత్త మూట క్షేమంగా చేరిందాకా పాతదాన్ని తీయకూడదని నిబంధన. మంచి నిబంధనే. కాని కొత్త మూట 26 జి.బి.కి పెరిగింది. 20 పంపేసరికి చోటు చాలదని అవతలివైపు తిప్పికొడుతుంది. ప్రోగ్రాము ఆ సగం మూట పారేసి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. రాత్రికి మూడు ప్రయత్నాలు. మూడిరవైలు అరవై. మన తీగలో బయటికి పోయే వేగం 20 మెగాబిట్లు. ఆ వేగానికి ఒక్కో ప్రయత్నం రెండు గంటల పదమూడు నిమిషాలు. పదింటికి మొదలైతే నాలుగు నలభైకి ముగుస్తుంది. లెక్క పైసాతో సహా సరిపోయింది.

శిబిరం ఎందుకు కుంటుపడిందో కూడా అప్పుడే అర్థమైంది. 2 మెగాబిట్ల వేగమైనా లైఫ్ సర్టిఫికెట్లకు చాలు, అవి చిన్న కవర్లు. కాని ఆ వేగంలో ఈ మూట ఒక్క ప్రయత్నానికే 22 గంటలు పడుతుంది. అంటే పగలూ రాత్రీ గుమ్మానికి అడ్డంగా ఆ మూటే. దాని వెనుక ఆ అమ్మగారి చిన్న కవరు నిలబడి ఉన్నది.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. జనవరి 12 తరువాత ఒక్క నకలూ పూర్తిగా చేరలేదు. దాదాపు ఏడు వారాలు మన రికార్డుకు బయట కొత్త నకలు లేదు. ఉన్నదనుకుని నిశ్చింతగా నిద్రపోయాము. ఆ రోజుల్లో ఆ పెట్టె కాలిపోయి ఉంటే కొత్తగా చేర్చిన కాగితాలన్నీ పోయేవి.

మరి మూట ఎందుకు పెరిగింది? తెర మీద ఫైళ్ళ సైజులు చూస్తూ కుర్రవాడు నెమ్మదిగా, "సార్, డిసెంబరులో మెమో ఇచ్చారు కదా" అన్నాడు. గుర్తుకొచ్చింది. సర్వీసు రిజిస్టర్లలో ఎర్రసిరా సంతకాలు స్పష్టంగా ఉండాలి, అన్నీ రంగుల్లో, అంగుళానికి 600 చుక్కల చొప్పున మళ్ళీ స్కాను చేయవలసినదని మెమో. అంతకు ముందు 300 చుక్కలు, నలుపు తెలుపు ఛాయలు. 300ను 600 చేస్తే రెండింతలని మనం అనుకుంటాము. కాదు. పొడవులో రెండింతలు, వెడల్పులో రెండింతలు, వెరసి నాలుగింతలు. రంగులు కలిపితే ఇంకా ఎక్కువ. మొత్తం 9 జి.బి. ఉన్న రికార్డు మూడు నెలల్లో 26 అయింది. ఆ మెమో కింద సంతకం నాది. కుర్రవాడు ఆ రోజు కార్యవర్గంలో ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగలేదు సార్" అన్నాడు.

మరమ్మతు చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. అవసరమైన సంతకాల పేజీలు మాత్రం రంగుల్లో ఉంచి మిగిలినవి పాత పద్ధతికి మార్చాము. మొత్తం మూట కాకుండా ఆ రోజు కొత్తగా చేరినవి మాత్రమే పంపేలా ప్రోగ్రామును సరిచేశాము. ప్రయత్నం విఫలమైతే ఊరుకోకుండా ఇద్దరి ఫోన్లకు కబురు పంపేలా పెట్టాము. నెల కోటాలో నూటికి ఎనభై వంతులు అయిపోతే మరొక కబురు. నెలకోసారి బయటి నకలు నుంచి ఒక ఫైలు వెనక్కి తెప్పించి, తెరచి చూసి, రిజిస్టరులో సంతకం చేయాలి. ఏప్రిల్ నెలంతా కలిపి 160 జి.బి. దాటలేదు.

మార్చి 10న కార్యవర్గంలో ఆ నోటుబుక్కు చదివి, చిత్తు తీర్మానం రద్దు చేయించి, పొరపాటు నాదని మినిట్సులో రాయించాను. కుర్రవాణ్ణి పిలిచి అందరి ఎదుటా క్షమించమన్నాను. "పర్వాలేదు సార్" అన్నాడు. కాని ఆ తరువాత మునుపటిలా మాతో కూర్చుని టీ తాగలేదు. పని మాత్రం ఒక్క రోజు మానలేదు. ఆగస్టులో మంచి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. సర్టిఫికెట్టు నేనే రాశాను. వెళ్ళేముందు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టి, ఆ రోజు రీడింగు వేసి, సంతకం చేసి మరీ వెళ్ళాడు.

చివరగా మీ ఇళ్ళకు పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మీ ఫోనులోనూ ఇలాంటి మీటరు ఉన్నది. సెట్టింగులలో డేటా వాడకం అనే చోట ఏ ప్రోగ్రాము ఎంత తిన్నదో వరుసగా చూపిస్తుంది. నెల మధ్యలో ఇంటర్నెట్ అయిపోయిందని మనవడి మీద కేకలు వేసే ముందు ఒక్కసారి ఆ పట్టీ చూడండి. ఫోటోలన్నీ దానంతటదే పైకి పంపుతూ ఉండవచ్చు. నేరస్థుడు మీ జేబులోనే ఉండవచ్చు.

మీటరు ఎవరి మీదా కోపం పెట్టుకోదు. ఎవరినీ వెనకేసుకురాదు. ఎంత, ఎప్పుడు, ఏ గుమ్మంలో అన్నవి మాత్రమే చెబుతుంది. మిగతాది మనం అడిగి తెలుసుకోవాలి. 1979లో అడగలేదు. ఈసారి కొంచెం ఆలస్యంగానైనా అడిగాను. ఆ రిజిస్టరు ఇప్పుడు వెనుక గదిలో సర్వరు పక్కన మేకుకు వేలాడుతున్నది. కళ్ళు మసకబారక ముందే నా తరువాత రాసేవారు ఒకరు కావాలి. ఆసక్తి ఉన్నవారు సభానంతరం నన్ను కలవగోరుతున్నాను. పెన్ను సంఘమే ఇస్తుంది.